మరమ్మతులో ఉన్న ఆకుమడి

1974 ఖరీఫ్ నాటి సంగతి. అప్పుడు నేను చోడవరం దగ్గర ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో సహాయకుణ్ణి. గాలికి పడిపోని పొట్టి వరిని తయారు చేయడం మా విభాగం పని. అందుకే ఏరికోరి పొట్టివాణ్ణి తీసుకున్నామని మా ఆఫీసరు అనేవారు. పొట్టి వరి కోసం కాదండీ, పొట్టకూటి కోసం చేరానని నేను అనేవాణ్ణి.

ప్రయోగశాలలో గామా కిరణాలు పెట్టిన విత్తనం మాకు వచ్చేది. మొక్క గుణాలన్నీ డి.ఎన్.ఏ. అనే సన్నటి పోగులో ఉంటాయి. కిరణం గింజలో దూరి ఆ పోగును అక్కడక్కడ తెంపుతుంది. మొక్క దాన్ని అతుక్కునేటప్పుడు ఎక్కడో చిన్న తేడా మిగిలిపోతుంది. దాన్నే మ్యుటేషన్ అంటాం. అలాంటి తేడాల్లో ఒకటైనా మనకు పనికొచ్చే పొట్టి మొక్కను ఇస్తుందని ఆశ.

ఆ ఏడు మా పొలానికి నీరందలేదు. సన్యాసమ్మ అనే రైతు తన ఆకుమడికి, అంటే నారుమడికి, ఎగువన చిన్న నేల చెక్క ఇచ్చింది. కాలువ నీరు ముందు మా చెక్కలోకి, అక్కణ్ణుంచి ఆమె మడిలోకి, ఆ తర్వాత ఆమె మరిది అప్పలనాయుడి మడిలోకి పారేది.

ఆ చెక్కలో చల్లిన మా విత్తనానికి మొలక బాగానే వచ్చింది. తర్వాత ఎదుగుదల ఆగిపోయింది. ఆకుల మీద తెల్లచారలు కూడా కనిపించాయి. నేను వెళ్ళేసరికి అప్పలనాయుడు గట్టు మీద పార పట్టుకుని ఉన్నాడు, పక్కనే సన్యాసమ్మ.

"ఏటి బాబుగారూ, ఇది వరా, సున్నం కొట్టిన గడ్డా?"

"కిరణాల దెబ్బ. తెగులు కాదు."

"తెగులు కాదని మీరంటన్నారు. నీరు మా మడిలోకొస్తంది. ఒదినా, సెప్తన్నాను, నా ఆకు పోయిందా, నీ ఆకు నాకిచ్చీయాల."

సన్యాసమ్మ మొహం వాడిపోయింది. తన ఆకు ఇచ్చేస్తే ఆమెకు ఉభాలు, అంటే నాట్లు, లేవు. ఉభాలు లేకపోతే ఏడాది తిండి లేదు.

ఆకుమడికి తెగులొస్తే నీరు తీసి ఎండగట్టడం అక్కడి అలవాటు. చాలా పురుగులకు అది మంచి వైద్యమే. అప్పలనాయుడు అదే చేశాడు. మా చెక్క గండి మూసి, నీటిని పక్కనుంచి తిప్పేసి, ఎండాక చెక్క దున్నేస్తానన్నాడు. కానీ ఎండు గింజలో తెగిన పోగు తెగినట్టే ఉంటుంది. నీరు తగిలాకే మరమ్మతు మొదలవుతుంది. సగం పనిలో తడి ఆరిపోతే ఆ లేత మొలకలు చస్తాయి. మా దగ్గర వేరే విత్తనం లేదు.

ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన తాపీగా విన్నారు. "దెబ్బ మోతాదులో ఉంటే కణం ఎదుగుదల ఆపి, రిపేరు చేసుకుని, మళ్ళీ ఎదుగుతుంది. బాగుపడని కణాలు వెనకబడతాయి, బాగున్నవి ముందుకొస్తాయి. కొత్త ఆకు పచ్చగా రావాలి."

"రాకపోతే?"

"ఆ మరిదికి నువ్వే చెప్పుకో."

ఆ ధైర్యంతో తిరిగొచ్చాను. చుక్క నీరు కిందికి పోనివ్వనని మాటిచ్చి, కొత్త ఆకు వచ్చేదాకా చెక్క దున్నకుండా ఉండేలా అప్పలనాయుణ్ణి ఒప్పించాను. కాలువ నుంచి కుండలతో నీళ్ళు మోయడం మొదలుపెట్టాను. బి.ఎస్సీ.లో ఆ సబ్జెక్టు లేనందువల్ల సగం నీళ్ళు నా పంట్లాంకే పారేవి.

సన్యాసమ్మ చూసి చూసి అడిగింది. "నిజం సెప్పు బాబూ. ఇది బతుకుతాదా?"

"మంచం నులక తెగిందనుకో అమ్మా, ముడేసి బిగించేదాకా దాని మీద ఎవరైనా పడుకుంటారా? ఇదీ అంతే. తెగిన పోగులు అతికేదాకా మొక్క ఎదగదు."

"ముడేసేదెవులు?"

"మొక్కే."

"దానికి సేతులేవి బాబూ?"

ఆ చేతుల్ని ఎంజైములంటారని చెప్పాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, ఇంకో కుండ తీసుకుని కాలువలోకి దిగింది.

తర్వాత ఓ పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆవిడ మా చెక్కలో వంగి ఉంది. "ఇటు సూడు" అంది. పాలిపోయిన ఆకుల మధ్య నుంచి కొత్త ఆకు, సన్నగా, నిటారుగా, పచ్చగా. పక్క మొక్కకీ అంతే. అన్నిటికీ కాదు, కొన్ని పోయాయి. ఎక్కువ లేచాయి. గట్టు మీద కూచుని పచ్చ ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

అప్పలనాయుడు వచ్చి ఒక మొక్క పీకి, వేరు కడిగి, వాసన చూసి, తన మడి వైపు చూశాడు. అక్కడ ఆకు ఏపుగా ఉంది. పారతో మా గండి తెరిచాడు. వెళ్తూ, "ఒదినా, ఉభాలకి మా ఇంటోళ్ళని పంపిస్తాన్లే" అన్నాడు. సన్యాసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "కుండలు కడిగీసి లోపలెట్టీ బాబూ" అంది నాతో.

ఆ చెక్కలోంచి మేము వెతికిన రకం దొరకలేదు. మొక్కలు మరమ్మతు అంత శుభ్రంగా చేసుకున్నాయి కాబోలు. అయినా ఆఫీసరు నన్నేమీ అనలేదు.

ఆ తర్వాత సర్వీసంతా రైతులు ఎదగని మొక్కను తెచ్చి చూపిస్తే, మందు పేరు చెప్పడానికి తొందరపడలేదు. ముందు అడిగేది ఒకటే: కొత్త ఆకు ఏ రంగులో వస్తోంది? పచ్చగా వస్తుంటే, నీరు ఆపకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి అని పంపేసేవాణ్ణి.