వెచ్చగా ఉంటే ఎక్కుతున్నట్టే

మా అన్నయ్యను చూపులేని వాళ్లంతా గొంతుల డాక్టరు అంటారు. కాగితం మీది అక్షరాలు చదివి వినిపించే యంత్రం, వేళ చెప్పే గడియారం, మాట్లాడే జ్వరం మీటరు, ఏది మూగబోయినా మా మెట్ల కింది గదికే వస్తుంది. ఆ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, నేను. వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చేది, ఫోన్లెత్తేది, అన్నయ్య జారవిడిచిన మరలు నేలంతా దేవులాడేది నేనే. పేరు ఆయనది, నడుంనొప్పి నాది.

వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట. "డాక్టరుగారూ, దీనికి మాట పడిపోయింది." నిజానికి పదింటిలో తొమ్మిదింటికి జబ్బు గొంతులో ఉండదు, కరెంటులో ఉంటుంది. ఛార్జింగు రంధ్రంలో జేబు నూలు పేరుకుని ఉంటుంది. వైరు మొదట్లో తెగి ఉంటుంది. లేదా ఇంట్లో కళ్లున్న మహానుభావులెవరో స్విచ్చి కట్టేసి పోయుంటారు. రోజంతా ఛార్జింగు పెట్టానని వాళ్లు పాపం ఒట్టేసి చెబుతారు. ఎర్రదీపం వెలిగిందో లేదో వాళ్లకు తెలిసే దారి లేదు. ఎంత మాట్లాడే యంత్రమైనా, లోపల కరెంటు అయిపోయాక ఆ సంగతి చెప్పలేదు. చూపులేని వాళ్ల వస్తువుకు దీపం పెట్టిన ఆ పెద్దమనిషి దొరికితే నాలుగు కడిగేయాలని నాకెప్పటినుంచో ఉంది.

అందుకే అన్నయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. "పది నిమిషాలయ్యాక చెంపకు ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే ఎక్కుతున్నట్టే." ఇరవై ఏళ్లుగా వచ్చిన ప్రతివాళ్లకూ ఇదే పాఠం. యంత్రాన్ని తానే వాళ్ల చెంపకు ఆనించి మరీ చెప్పేవాడు. అప్పుడు ఆయన ముఖం చూడాలి, కరెంటును తానే పుట్టించినట్టు ఉండేది.

కిందటేడు మేం వాడే బ్యాటరీలు రావడం ఆగిపోయింది. అన్నయ్య ఎక్కడినుంచో పేరూ ఊరూ లేని అట్టపెట్టె ఒకటి తెప్పించాడు. అందులో ఎనిమిది బ్యాటరీలు. రెండింటిని బల్ల మీద రెండు రోజులు పరీక్షించాడు, బాగానే ఉన్నాయి. మిగతా ఆరింటిని పరీక్షించకుండానే, మొత్తం ఎనిమిదింటినీ ఎనిమిది మంది యంత్రాల్లో బిగించేశాడు. చదివే యంత్రాలు ఆగిపోయి జనం రోజూ ఫోన్లు చేస్తున్నారు, తొందరపడ్డాడు. నేను పక్కనే ఉండి చూశాను. ఎప్పుడూ గంపెడు మాట్లాడేదాన్ని, ఆ రోజు ఒక్క మాటా అనలేదు.

మూడు వారాలకు, ఒక మధ్యాహ్నం, కుర్చీలు అల్లే ఆయన నవ్వుకుంటూ వచ్చాడు.

"మీ చేతికి దండం పెట్టాలి డాక్టరుగారూ. ఇంత బాగా ఎక్కడం నేనెప్పుడూ చూళ్లేదు. చెంప చురుక్కుమంటోంది! కాకపోతే వెనక మూత సరిగ్గా పడట్లేదు."

అన్నయ్య మూత తీశాడు. పలకలా పలచగా ఉండాల్సిన బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. గోళ్లరంగు సీసా తెరిచినట్టు తియ్యటి వాసన వేసింది. కుర్చీలాయన ఇంకా పొగుడుతూనే ఉన్నాడు. చేతిలో వస్తువు కాలబోతుంటే సంతోషించమని ఈ మనుషులకు నేర్పింది మేమే.

"మిగతా ఏడుగురికీ ఫోన్ చెయ్యి" అన్నాడు అన్నయ్య. "గోడ దగ్గర స్విచ్చి కట్టేసి దూరంగా జరగమను. యంత్రాన్ని ముట్టుకోవద్దను."

ఆరుగురు ఎత్తారు. సంగీతం టీచరమ్మ ఎత్తలేదు. మళ్లీ చేశాను, మోగి మోగి ఆగింది. ఆవిడ మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటారు. భోజనం చేసి, యంత్రాన్ని ఛార్జింగు పెట్టి, చెంప కింద పెట్టుకుని నిద్రపోతారు. వేడి తగ్గితే మెలకువ వస్తుందట, కరెంటు పోయిందని తెలుస్తుందట. ఆ సంగతి ఆవిడే మాకు చెప్పి మురిసిపోయారు. అన్నయ్య భేష్ అన్నాడు.

నాలుగు వీధులూ పరిగెత్తాం. మెట్లంటే ముఖం ముడుచుకునే అన్నయ్య ఆ మూడు అంతస్తులూ ఆగకుండా ఎక్కాడు. తలుపు బాదాం. లోపల చప్పుడు లేదు. తలుపు సందులోంచి ఆ తియ్యటి వాసనే వస్తోంది.

చాలాసేపటికి గడియ తీశారు. ఎడమ చెంప కమిలిపోయి ఉంది.

"యంత్రం ఎక్కడుందమ్మా?"

"దిండు మీదే ఉంది బాబూ. ఎందుకంత కంగారు? ఇవాళ మహా బాగా ఎక్కుతోంది." అన్నయ్య అడుగులు మంచం వైపు వెళ్లడం విని ఆవిడ చేయి చాచి ఆయన చొక్కా పట్టుకున్నారు. "తీసేయకండి, ఇంకా నిండలేదు."

అన్నయ్య విడిపించుకుని స్విచ్చి కట్టేశాడు, వైరు లాగాడు, యంత్రాన్ని కుడిచేత్తో పట్టుకుని వసారాలోని మట్టికుండీ వైపు ఉరికాడు. ఇంకా రెండడుగులుందనగా అది బుస్సుమంది. తెల్లటి పొగ, మంట. కుండీలో పడేసేదాకా అన్నయ్య చెయ్యి వదల్లేదు. వదిలితే అక్కడ కర్టెన్లున్నాయి, పాత పుస్తకాలున్నాయి, ఆవిడ ఉన్నారు.

టీచరమ్మ గోడ పట్టుకుని నిలబడ్డారు. "ఆ వాసనేంటి? ఎక్కుతున్నట్టే అన్నారు కదా మీరు?"

"తప్పు చెప్పానమ్మా" అన్నాడు అన్నయ్య.

చెంప నెలకు మానింది. అన్నయ్య అరచెయ్యి మానలేదు, చర్మం వచ్చింది గానీ స్పర్శ రాలేదు. ఇప్పుడు ప్రతి ఛార్జరుకూ ఒక చిన్న బిళ్ల కడుతున్నాడు. కరెంటు ఎక్కుతున్నంతసేపూ అది టిక్కుటిక్కుమంటుంది. ఈ పని ఇరవై ఏళ్ల కింద చేసుంటే ఏం పోయేదని నేను అడిగాను, ఆయన ఇంకో బిళ్ల చేతిలోకి తీసుకున్నాడు. పాత నోటుపుస్తకం తీసి అందరికీ ఫోన్లు చేస్తున్నాం. సగం నంబర్లు పనిచేయడం లేదు. ఎత్తినవాళ్లు, "అయ్యో, మేం ఇంకా ఎంతమందికో నేర్పామండీ" అంటున్నారు.

నిన్న ఒక అమ్మాయి వచ్చింది. ఎప్పుడూ చూసిన మనిషి కాదు, యంత్రం కూడా మేం బాగుచేసింది కాదు. అన్నయ్య వైరు తగిలించి బిళ్ల వెతుక్కుంటుండగానే ఆ పిల్ల యంత్రాన్ని చెంపకు ఆనించుకుంది.

"అలా చూడమని ఎవరు నేర్పారమ్మా?"

"ఒకళ్లు నేర్పేదేముందండీ, మాలో అందరూ ఇలాగే చూస్తారు. అబ్బ, ఎంత బాగా ఎక్కుతోందో!"

అన్నయ్య వైరు పీకేసి, యంత్రాన్ని ఆమె చెంప మీదినుంచి కుడిచేత్తో లాగేసుకున్నాడు. అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నా వైపు చాచాడు.

"నువ్వు పట్టుకుని చూడవే. నాకు తెలియట్లేదు."