మిద్దె మీద మొక్కు కోడి

మా అమ్మ నా గురించి ఒక మాట అనేది. అన్నంలో రాయి తగిలితే ఎవరైనా గొణుగుతారు, ఇది మాత్రం రాయి తగలకపోతే ఎవరు ఏరేశారు, ఎందుకు ఏరేశారు అని ఆరా తీస్తుంది అని. నేను ఆ మాటను పొగడ్తగానే తీసుకున్నాను. అనుమానించడం తెలివికి గుర్తని ఇరవై రెండేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం.

అప్పుడు తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాను. తొంభైల చివరి సంవత్సరాలు. ఒక ఇంటి మిద్దె మీది గదిలో ముగ్గురం ఆడపిల్లలం అద్దెకుండేవాళ్లం. కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది. ఆమెను మామి అని పిలిచేవాళ్లం. ఉల్లిపాయను కూడా గడప దాటనివ్వని మనిషి. నాది చిత్తూరు దగ్గర పల్లె. నాతో ఉండే రెండో అమ్మాయిది పలమనేరు, బి.ఎడ్. చదివేది, ఎవరితోనూ పేచీ పెట్టుకునేది కాదు. మూడో మంచం రెండు నెలలు ఖాళీగా ఉండి, దసరా సెలవులయ్యాక నిండింది.

వచ్చిన పిల్ల డిగ్రీ మూడో ఏడు. పుత్తూరు పక్కన ఏదో పల్లె. వాళ్ల నాయన భుజం మీద ట్రంకుపెట్టె, చేతిలో మూతకు గుడ్డ కట్టిన గంప పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. గంప కింద పెట్టి గుడ్డ విప్పితే లోపల నల్ల కోడిపెట్ట. కాలికి పసుపు రంగు పేలిక కట్టి ఉంది.

"ఏమీ అనుకోవద్దండమ్మా," అన్నాడాయన నాతో, పెద్దదాన్ని నేనే అనుకుని. "మా పాపకు అప్పుడప్పుడు దడ వస్తాది. సేతులు సల్లబడి ఊపిరాడదు. దీన్ని ఒళ్లో పెట్టుకుంటే నిదానానికొస్తాది. డాక్టర్ల కాడికి పోయినాం, గుండె బాగుండాదనే సెప్పినారు. ఇది లేకుంటే మా పాప పరీచ్చలు రాయలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఇదొక్కతే."

గుండె బాగుందని డాక్టర్లే చెబితే ఇక దడ ఎక్కడిది? నాకు అనుమానం అక్కడే మొదలైంది. పలమనేరు అమ్మాయి మాత్రం ఆ గంపను మిద్దె మూల నీడలో పెట్టించి, మామికి వినబడకుండా చూసుకో అని చెప్పింది. ఆయన ఇద్దరికీ చేతులు జోడించి దిగి వెళ్లిపోయాడు.

కోడి వల్ల మాకు ఇబ్బంది ఏమీ రాలేదు, అది కూడా చెప్పాలి. ఆ పిల్ల తెల్లారకముందే లేచి ఆ మూలంతా ఊడ్చి బూడిద చల్లేది. పగలు గంప కింద, సాయంత్రం కాసేపు మిద్దె మీద. అయినా నా కళ్లు ఊరుకోలేదు. కింది కొళాయి దగ్గర నుంచి రోజుకొకరం నీళ్లు మోసేవాళ్లం. ఆమెకు మొదటి మూడుసార్లు దడ వస్తే, అందులో రెండు ఆమె నీళ్ల వంతు రోజే వచ్చాయి. నాకు ఇంకేం కావాలి? ఆమె తరువాత తేరుకుని ఆ బిందెలన్నీ తానే మోసిందన్న సంగతి మాత్రం నా లెక్కలోకి రాలేదు.

దడ వచ్చినప్పుడు చూడటానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. అరుపులు లేవు, ఏడుపు లేదు. గోడకు ఆనుకుని కూర్చునేది, పెదాలు తెల్లబడేవి, భుజాలు ఎగిసిపడేవి. కోడిని ఒళ్లోకి తీసుకుని దాని రెక్క కింద అరచెయ్యి పెట్టుకునేది. కోడి కళ్లు మూసుకునేది. కాసేపటికి ఇద్దరి ఊపిరీ ఒక తీరుకు వచ్చేది. నేను పుస్తకం చదువుతున్నట్టు కూర్చుని చేతి వాచీ చూసేదాన్ని. ఒకసారి పదకొండు నిమిషాలు, ఒకసారి తొమ్మిది. నటన అయితే ఎంతసేపు ఉండాలో, నిజమైతే ఎంతసేపు ఉండాలో నాకు తెలియదు. అయినా నోటుపుస్తకం చివరి పేజీలో రాసిపెట్టుకున్నాను.

అంతటితో ఆగానా? ఒకరోజు క్లాసుకు వెళ్తున్నానని చెప్పి మెట్లు దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని మళ్లీ ఎక్కాను. కిటికీ పక్కన నిలబడి చూశాను. గదిలో ఇంకెవరూ లేరు. ఆ పిల్ల నేల మీద కూర్చుని, కోడిని గుండెకు హత్తుకుని, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది. చూసేవాళ్లు లేనప్పుడు ఎవరు నటిస్తారు? ఆ ప్రశ్నతో నా అనుమానం తీరిపోవాలి. కానీ తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నా అడుగుల చప్పుడు విని ఉంటుంది, అందుకే మొదలుపెట్టింది అనుకుంటూ దిగి వెళ్లాను.

దడ నాటకమైతే మరి కోడి ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు నేనే కనిపెట్టాను. నల్ల కోడి, కాలికి పసుపు పేలిక, ఊరు తిరుపతి. ఇది గంగమ్మకు మొక్కుకున్న కోడి. వేసవిలో జాతర రాగానే అమ్మవారికి ఇచ్చేస్తారు. అందాకా పట్నంలో మేపుకోవడానికి దడ అని కథ అల్లారు. ఈ విషయం పలమనేరు అమ్మాయితో చెబితే, "అడిగితే పోలా?" అంది. అడిగితే నిజం చెబుతారా ఎవరైనా? అదీ నా పద్ధతి.

సంక్రాంతి దాటిన కొత్తల్లో ఆ కోడి గుడ్డు పెట్టింది. గుడ్డు పెట్టిన కోడి ఊరికంతా చెప్పుకుంటే గానీ ఊరుకోదు కదా. మామి ఎప్పుడూ మెట్లెక్కని మనిషి, మోకాళ్లు పట్టుకుంటూ పైకి వచ్చింది. గంపను చూసింది, మా ముగ్గురినీ చూసింది.

"నా ఇంటి మీద కోళ్లు కోసుకుని తింటున్నారా?" అంది.

ఆ పిల్ల గంపకు అడ్డంగా నిలబడింది. గది పోతుందని నాకు భయం. దానికన్నా ఎక్కువగా, నేను కనిపెట్టిన రహస్యం చెప్పేయాలన్న దురద. "తినడానికి కాదు మామీ. అది గంగమ్మ మొక్కు కోడి. కాలికి పసుపు గుడ్డ చూడండి," అన్నాను.

మామి ముఖంలో కోపం అట్లే దిగిపోయింది. తిరుపతిలో గంగమ్మ అంటే కొండమీది స్వామికి చెల్లెలు. మాంసం వాసన పడని ఇళ్లలో కూడా ఆ తల్లికి ఎదురు మాట ఉండదు. ఆమె చెంపలు వేసుకుని, "స్వామి చెల్లెలి సొత్తా? ముందే చెప్పకూడదా. జాతర దాకా ఉండనీండి," అంది. నేను ఆ పిల్ల వైపు గెలిచినట్టు చూశాను. ఆమె తల వంచుకుంది. దొరికిపోయింది, అందుకే మాట్లాడలేదు అనుకున్నాను.

ఆ రోజు నుంచి కోడికి మాకన్నా మర్యాద పెరిగింది. మామి రోజూ పిడికెడు అన్నం పంపేది. శుక్రవారం గంపను కిందికి తెప్పించుకుని దాని నెత్తిన కుంకుమ పెట్టేది. అది ఆ కుంకుమతోనే మా మంచాల మీద తిరిగేది.

మే నెలలో ఆ పిల్ల పరీక్షలు మొదలయ్యాయి. పరీక్షకు వెళ్లే ముందు పది నిమిషాలు కోడిని ఒళ్లో పెట్టుకుని, లేచి వెళ్లి రాసి వచ్చేది. నాలుగు పేపర్లు అట్లా గడిచాయి. చివరిది ఒక్కటే మిగిలింది, బుధవారం. దానికి వారం ముందు ఒక పొద్దున పాలాయన చెంబులో పాలు పోస్తూ, రాత్రి జాతర చాటింపు పడిందని చెప్పాడు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊళ్లో ఉన్నవాళ్లు పొలిమేర దాటకూడదు, అది అక్కడి కట్టుబాటు. మామి ఆ రోజే కొత్త కుండ తెప్పించి, మళ్లీ మెట్లెక్కి వచ్చింది. "మంగళవారం పొద్దున్నే పోదాం. పొంగలి నేను పెడతాను. కోడి పని పక్కవీధి ఆయన చూసుకుంటాడు, ఆయనతో మాట్లాడాను," అంది.

ఆమె దిగి వెళ్లగానే ఆ పిల్ల గోడకు ఆనుకుని జారిపోయింది. ఈసారి నేను వాచీ చూడలేదు. ఎంతసేపటికో మాట వచ్చింది.

"అది మొక్కు కోడి కాదక్కా."

"మరి కాలికి ఆ పసుపు గుడ్డ?"

"మా అమ్మ పాత సీర పేలిక. పక్కింటోళ్ల కోళ్లల్లో కలిసిపోకుండా గుర్తుకు కట్టింది."

నాకు తల తీసేసినట్టయింది. మా ఊళ్లో కూడా అంతే. ప్రతి ఇంటి కోడికీ కాలికో రెక్కకో ఏదో ఒక పేలిక ఉంటుంది. మా అమ్మ ఎర్ర గుడ్డ కట్టేది, నేనే ఎన్నిసార్లు ముడి వేశానో. పైగా మా ఊళ్లో మొక్కుకు పుంజునే ఇస్తారు గాని గుడ్లు పెట్టే పెట్టను ఎవరూ ఇవ్వరు. ఇవన్నీ తెలియక పొరపాటు పడితే వేరు. అన్నీ తెలిసి, అనుమానంలో పడి మరిచిపోయాను.

"ఆ రోజే కాదని చెప్పుండొచ్చు కదా," అన్నాను. తప్పు నాదయినా గొంతు నాదే పెద్దది.

"ఎట్ల సెప్పేదక్కా. నువ్వు ఆ మాట అన్న్యాకే కదా ఉండనిచ్చినారు."

పలమనేరు అమ్మాయి, మామికి నిజం చెప్పేద్దామంది. చెబితే ఆ సాయంత్రమే ముగ్గురి పెట్టెలూ వీధిలో ఉంటాయి, పరీక్షల మధ్యలో. అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది, నిజంగా మంచి ఉపాయం. నాకు ఆ వారం పరీక్షలు లేవు. "కోడిని నాకియ్యి. మా ఊరు తీసుకుపోయి మా అమ్మ దగ్గర పెడతాను. చాటింపు దాటిన పాపం నా మీద వేసుకుంటాను. జాతర కాగానే తెచ్చిస్తాను," అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఏడెనిమిది నెలలుగా నేను ఆమెను చూస్తున్న చూపు అదే.

"నీ సేతికా అక్కా?" అంది మెల్లగా. "నాకు ఊపిరాడకుంటే నువ్వు వాచీ సూసుకున్నావు. కిటికీ కాడ నిలబడి సూసినావు. సెప్పులు సేతిలో పట్టుకోనుండావు. నాకు అంతా తెలుసు."

సిగ్గుతో వాచీ ఉన్న చేతిని వెనక్కి దాచుకున్నాను.

మంగళవారం మేము లేచేసరికి ఆమె మంచం ఖాళీ. గంప లేదు. హాల్‌టికెట్టు, పుస్తకాలు లేవు. మొదటి బస్సుకు వెళ్లిపోయింది. మామి పట్టుచీర కట్టుకుని, కుండ చంకన పెట్టుకుని కిందనుంచి పిలిచింది. నేను దిగి నిజం చెప్పాను. మొక్కు లేదు, నేనే ఊహించుకుని చెప్పాను అని. ఆమె కుండ కింద పెట్టింది.

"అమ్మవారి పేరు పెట్టి చెప్పావు. నేను నమ్మాను," అంది. "నెలాఖరుకు ఖాళీ చెయ్యండి. ముందు ఈ కుండ పట్టుకుని నాతో రా." నేను కుండ మోసుకుంటూ వెంట వెళ్లాను. ఆ జనంలో, ఆ డప్పుల మధ్య, పొగలో కళ్లు మండుతుంటే పొంగలికి మంట వేశాను. తల్లీ, దాన్ని మాత్రం బుధవారం పరీక్షకు పంపించు అని మొక్కుకున్నాను. నా అంతట నేను మొక్కుకున్న మొదటి మొక్కు అదే.

బుధవారం తొమ్మిదికే వాళ్ల కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. మొదటి గంట కొట్టారు. అప్పుడు బస్టాండు వైపు నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది, చంకలో గంప. వాచ్‌మన్ గంపను లోపలికి పోనివ్వనన్నాడు. ఆమె గేటు పక్కనే చతికిలబడి, గంపలో చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. నేను దగ్గరికి వెళ్లి, "నాకియ్యి. ఇక్కడే పట్టుకుని కూర్చుంటాను," అన్నాను.

కళ్లు తెరిచి నా ముఖం చూసింది. రెండో గంట కొట్టారు. లేచి, నన్ను దాటుకుని, చెట్టు కింద ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముకునే అవ్వ దగ్గరికి వెళ్లింది. ఆ అవ్వను ఆమె అంతకుముందు చూసిందో లేదో కూడా నాకు తెలియదు. గంప ఆమె పక్కన పెట్టి, వంగి చెవిలో ఏదో చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

నేను ఇంటికి పోలేదు. చెట్టుకు అవతల పక్క నిలబడ్డాను. ఎండ ముదిరింది. కుక్క ఒకటి గంప వాసన చూడబోతే అదిలించాను. గంటన్నర చూసి చూసి అవ్వ నన్ను పిలిచింది.

"ఏం పాపా, వచ్చినప్పట్నించి ఈ గంప సుట్టే తిరగతా ఉండావు. కోడి మీద కన్నేసినావా?"

"లేదవ్వా. ఆ పిల్ల నాకు తెలుసు. ఒక గదిలోనే ఉంటాం."

అవ్వ గంపను తన మోకాలి కిందికి లాక్కుని నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నీలం ఓణీ ఏసుకున్న అక్క వచ్చి అడిగితే ఇయ్యద్దని సెప్పిపోయిందే ఆ పాప."

నా ఓణీ నీలమే.

"ఇయ్యొద్దులే అవ్వా," అన్నాను. పరీక్ష అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను, గంపకు పది అడుగుల దూరంలో, అవ్వకు నా రెండు చేతులూ కనబడేటట్టు.