ఆమె అడిగిన రాత్రి భోజనం

మా ఆఫీసు యూసుఫ్‌గూడలో ఒక మందుల షాపు పైన ఉంటుంది. ఆకలి గురించి ప్రభుత్వాన్ని అడగడమే మా పని. మేం వండిపెట్టం, పంచిపెట్టం. పేదల తిండికి బడ్జెట్టులో చోటు ఇమ్మని అధికారుల గదుల చుట్టూ తిరుగుతాం, శాసనసభ్యుల ఇళ్ళ ముందు ఎదురుచూస్తాం, అర్జీలు ఇస్తాం. ఆ అర్జీలు రాసేది నేను. సినిమాలకు డైలాగులు రాద్దామని తెనాలి నుంచి వచ్చినదాన్ని కాబట్టి మాట కూర్చడం నాకు బాగా వచ్చునని మావాళ్ళ నమ్మకం.

అప్పట్లో మేం అడుగుతున్నది ఒక్కటే. కృష్ణానగర్‌లో ప్రభుత్వం పెట్టించే చవక భోజనం బండి మధ్యాహ్నం వచ్చి, అన్నం అయిపోగానే వెళ్ళిపోతుంది. అక్కడ ఉండే జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, లైట్లు మోసేవాళ్ళు ఆ వేళకు గదుల్లో ఉండరు. పని దొరికినవాళ్ళు షూటింగులో తింటారు. దొరకనివాళ్ళు పని కోసం తిరుగుతూ ఉంటారు. వాళ్ళు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. రాత్రి పూట కూడా భోజనం పెట్టండి, దానికి డబ్బు కేటాయించండి అని అడిగాం. విన్న ప్రతివాళ్ళూ న్యాయమైన కోరికే అన్నారు. ఫైలు మాత్రం కదల్లేదు.

బడ్జెట్టు దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం మా ఆఫీసు పెద్దాయన టీ తాగుతూ, "మనం చెప్తే వినరమ్మా. జనానికి తెలిసిన మనిషి ఎవరైనా చెప్పాలి" అన్నారు. గదిలో అందరూ నా వైపు చూశారు. ఎవరిని తలుచుకుని చూశారో నాకు తెలుసు.

ఆమె, నేను ఒకప్పుడు కృష్ణానగర్‌లో ఒక మేడ మీద రేకుల గదిలో కలిసి ఉన్నాం. ఆమెది సిద్దిపేట దిక్కు. నటి కావాలని వచ్చింది. నాకు రాసే పని దొరక్క, ఆమెతో పాటే జూనియర్ ఆర్టిస్టుగా వెళ్ళేదాన్ని. ఏజెంటు పిలిస్తే పొద్దున్నే వ్యాను ఎక్కేవాళ్ళం. వ్యాను ఎక్కితే టిఫినూ భోజనమూ ఉన్నట్టు, ఎక్కకపోతే లేనట్టు. ఒకసారి పెళ్ళి సీనులో వంటమనిషి చేత ఒక మాట చెప్పించాలని దర్శకుడికి అప్పటికప్పుడు తోచింది. ముందు వరసలో నేను నిలబడి ఉన్నాను. ఆయన నా భుజం మీదుగా చెయ్యి చాపి వెనకాలున్న ఆమెను పిలిచాడు. ఆ ఒక్క మాటతో ఆమెను గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు సినిమాల్లో ఆమె అత్త, మేనత్త, హీరో తల్లి. ఆమె తన యాసలో రెండు ముక్కలు మాట్లాడితే హాలంతా నవ్వుతుంది, మరో రెండు ముక్కలకు ఏడుస్తుంది. జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకుంది. అవార్డు వచ్చిన రోజు ఆమెకు అభినందనలు పంపడానికి నాకు సాయంత్రం దాకా చేతులు రాలేదు.

ఆమె దగ్గరికి వెళ్ళనని మావాళ్ళతో చెప్పలేకపోయాను. కారణం చెప్పాల్సి వస్తుంది కదా.

ఆటో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఆమె కాదనాలనే కోరుకున్నాను. షూటింగులున్నాయనో, రాజకీయాలు తనకెందుకనో అంటే, ఇంత ఎత్తుకు వెళ్ళాక మనిషి మారిపోయిందని మావాళ్ళకు చెప్పి ఊరుకోవచ్చు. వాచ్‌మన్ నా పేరు లోపలికి చెప్పేలోపే ఆమె నూనె రాసుకున్న తలతో గేటు దాకా వచ్చేసింది.

"ఏందే, గీడ నిలవడ్డవ్? లోపటికి రా."

వంటింట్లోనే కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. పనిమనిషి ఉన్నా తనే కాల్చింది. ఆ వంటిల్లు మేమిద్దరం ఉన్న గది కంటే పెద్దది. కిటికీ అవతల రాళ్ళ మధ్య కాగితపుపూల చెట్టు ఉంది. రొట్టె మెత్తగా ఉంది, అదీ నాకు నచ్చలేదు. వచ్చిన పని చెప్పాను. మధ్యలో ఆపకుండా వింది.

"ఏ దినమో చెప్పు. షూటింగ్ ఉన్నా అడిగి వస్త."

అంతే. ఆమెను తిట్టుకునే అవకాశం కూడా నాకు మిగల్లేదు.

ఆర్థిక మంత్రిగారు టైమిచ్చిన రోజున ఆమె కార్లోనే సచివాలయానికి వెళ్ళాం. ఏం మాట్లాడాలో నేను ముందే రాసి ఇచ్చాను. చదివి, బాగుందని బ్యాగులో పెట్టుకుంది. నేను అంతకుముందు ఎన్నోసార్లు తిరిగిన వరండాయే అది. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే అధికారి ఆ రోజు లేచి కుర్చీ లాగారు, ఆమె కోసం. సిబ్బంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమెతో ఫోటోలు దిగారు. ఒకాయన ఫోను నా చేతికిచ్చి, "కొంచెం తీయండమ్మా" అన్నారు. తీశాను. ఆమెకు పింగాణీ కప్పులో కాఫీ వచ్చింది, నాకు కాగితం కప్పులో.

మంత్రిగారి ముందు కూర్చున్నాక ఆమె బ్యాగు తెరవలేదు.

"సార్, నాకు లెక్కలు తెల్వయ్. నాకు జరిగింది చెప్త" అని మొదలుపెట్టింది. "గప్పుడు మాకు మస్తు దినాల నుంచి పని లేదు. ఫిల్మ్‌నగర్‌ల ఒక సెట్టు కాడ టిఫిన్ పెడుతున్నరని తెలిసి, పిలువకున్నా పొయ్యి లైన్ల నిలవడ్డ. ప్లేట్ల ఇడ్లీలు పెట్టిన్రు. ఒక ముక్క తుంచిన. గంతల ప్రొడక్షన్ మనిషి వచ్చి, నిన్ను ఎవలు పిలిచిన్రు అని ప్లేటు గుంజుకున్నడు. తుంచిన ముక్క నా చేతిలనే ఉండె సార్. నోట్ల పెట్టుకోవాల్నా, గాయిన చేతిల పెట్టాల్నా నాకు సమజ్ గాలే."

మంత్రిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా ఒళ్ళు మాత్రం మండిపోతోంది. ఆ ప్లేటు నాది. ఆ ముక్క నా చేతిలోది. రేకుల గదిలో ఆమె ఒక్కదానికే చెప్పుకున్న మాట అది. ఎన్ని అర్జీలు రాసినా అందులో ఒక్కదానిలోనూ నేను దాన్ని రాయలేదు, సిగ్గేసి.

తర్వాత మంత్రిగారు అడగడం మొదలుపెట్టారు. ఎంతమందికి కావాలి, బండి ఎక్కడ నిలబెట్టాలి, వంట ఎక్కడ చేయించాలి. జవాబులన్నీ నేనే చెప్పాను. ఆయన ఆమె ముఖం చూస్తూ విన్నారు.

తిరిగి వస్తూ పంజాగుట్ట దాటేదాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఆగలేకపోయాను.

"అది నాకు జరిగింది."

"ఏది?"

"ఇడ్లీ ప్లేటు. లాక్కుంది నా దగ్గర. ఆ రోజు నిన్ను పనికి పిలిచారు. పిలవకుండా వెళ్ళింది నేను."

"ముందుగాల నీదే గుంజుకున్నడు. నువ్వు గేటు దిక్కు పోయినవ్, ఎనక్కి చూడలే. తర్వాత నా కాడికి వచ్చిండు. గామె నీతోని వచ్చిందా అన్నడు. అవునన్న. నాది గూడ తీసుకున్నడు. గా దినం పని గూడ పాయె."

"నాకు ఎప్పుడూ చెప్పలేదే."

"చెప్తె ఇంకింత ఏడుస్తవని చెప్పలే."

"మరి పిలవకుండా వెళ్ళానని ఎందుకన్నావ్ మంత్రిగారితో? ఆ ముక్క మాట నాది కాదూ?"

"ఇద్దరిది కలిపి చెప్పిన. గంత పెద్దాయనకు రెండు కథలు చెప్తె యాడ వింటడు? ముక్క నా చేతిల గూడ ఉండె. నువ్వు మంచిగ చెప్పినవ్, నీ మాట తీసుకున్న. తప్పనిపిస్తె చెప్పు."

తప్పని అనలేకపోయాను. నేను పక్కన లేనప్పుడు, తెలియదు అంటే సరిపోయే చోట, ఆమె నా కోసం ఆకలితో నిలబడిందట. అది విన్నాక నా మనసు చల్లబడాలి. చల్లబడలేదు. ఇల్లు, పేరు, అవార్డు ఆమెకు అదృష్టం ఇచ్చినవని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఇది అదృష్టం ఇచ్చింది కాదు. ఏ దర్శకుడూ మాలో ఎవరినీ ఎంచుకోకముందే, ఇద్దరం ఒకే లైనులో ఉన్నప్పుడే, ఆమె నాకంటే మెరుగ్గా ఉందన్నమాట. అసలు అదంతా నిజమేనా అని కూడా ఒక క్షణం అనుకున్నాను. ఆమె అబద్ధం ఆడదని నాకు తెలుసు. ఆడేదైతే బాగుండేదనిపించింది.

కృష్ణానగర్ మలుపులో దించుతూ, "కోపం పోయిందా?" అంది.

"లేదు" అన్నాను.

"సరే తీ" అని నవ్వింది.

బడ్జెట్టులో రాత్రి భోజనానికి డబ్బు వచ్చింది. మేం అడిగినంత కాదు, అడిగిన అన్ని పేటలకూ కాదు. కృష్ణానగర్‌కు మాత్రం వచ్చింది. బండి మొదలైన రోజు ఆమె నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. మర్నాటి పేపర్లలో నటి చొరవతో అని రాశారు. మా ఆఫీసు పేరు ఒక్కదానిలోనూ లేదు. నేను బండికి కాస్త ఎడంగా నిలబడి చూశాను. మా రోజుల్లో మాతో వ్యాను ఎక్కిన ఒక పెద్దావిడ, ఇంకా ఆ పనే చేస్తోంది, మేకప్ సరిగ్గా తుడుచుకోని ముఖంతో వచ్చి అన్నం తీసుకుంది. గోడకు ఆనుకుని, తల ఎత్తకుండా తింది. చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చి, "మేడమ్ పుణ్యమమ్మా" అంది. అవునన్నాను. ఆ ఒక్క మాట గొంతు దాటడానికి చాలా కష్టమైంది. ఆవిడ కడుపు నిండిందన్న సంతోషం కూడా అదే గొంతులో ఉంది. రెండూ ఒకదాన్నొకటి తోసుకోలేదు.

వానాకాలంలో బండి రావడం తగ్గింది. కేటాయించిన డబ్బు విడుదల కాలేదన్నారు. ఆమె వేరే రాష్ట్రంలో షూటింగులో ఉంది. నేనొక్కదాన్నే సచివాలయానికి వెళ్ళాను. అధికారి నా వెనకాల తలుపు వైపు చూసి, "మేడమ్ రాలేదా?" అన్నారు.

"లేదండీ. నేనే వచ్చాను."

రోజూ వెళ్ళి ఆ వరండాలో కూర్చున్నాను. ఏ సంతకం ఎక్కడ ఆగిందో కనుక్కుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళాను, అక్కడి నుంచి ఇంకో బల్లకు. ఆఖరికి డబ్బు విడుదలై బండి మళ్ళీ రాసాగింది. ఏ పేపరూ రాయలేదు. రాయలేదని మా ఇంట్లో రెండు రోజులు అందరినీ విసుక్కున్నాను.

ఇప్పుడు యూసుఫ్‌గూడకూ, టోలిచౌకికీ రాత్రి బండి కావాలని అడుగుతున్నాం. మళ్ళీ ఆమెనే తీసుకువెళ్ళాలని మా పెద్దాయన అన్నారు. నేనూ అదే అన్నాను, ఆయన కంటే ముందే, ఎందుకంటే ఆమె వస్తే ఫైలు కదులుతుంది. రేపు పొద్దున్న ఆమె ఇంటికి వెళ్ళి అడగాలి. వెళ్ళేలోపు ఆమె కొత్త సినిమా చూడమని, ఒక మంచి మాట చెప్పడానికి పనికొస్తుందని మావాళ్ళు సలహా ఇచ్చారు. ఇంకా చూడలేదు.