లైవ్ ఆపకుండా చేసిన ప్రార్థన

నిన్న స్టాఫ్‌రూములో కొత్తగా చేరిన సైన్స్ టీచరమ్మ టిఫిన్ డబ్బాకు ఫోన్ ఆనించి, చున్నీ సర్దుకుని, పిల్లల గౌన్లు అమ్ముతూ దర్జాగా లైవ్ పెట్టేసింది. పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్న నేను మాత్రం లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాను. నా ఈడువాళ్లయితే నవ్వరని ఈ సంగతి చెబుతున్నాను.

లాక్‌డౌన్ ముగిసిన ఏడాది మా ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడింది. నేను మారేడ్‌పల్లిలో ఒక మిషన్ బడిలో తెలుగు టీచర్ని, ఏళ్ల తరబడి టెంపరరీయే. ఆ ఏడాదే పర్మినెంట్ చేస్తారని ఆశ. బడిలో ఉంటూ మరో పని చేయబోమని అందరం సంతకం పెట్టినవాళ్లమే. అయినా ఇల్లు గడవాలి గనుక, బొల్లారంలోని మా రెండు గదుల ఇంట్లో తెల్లవారుతూనే బీరువా ముందు నిలబడి, మంగళగిరిలో ఉండే మా చెల్లెలు పంపే చీరలు లైవ్‌లో అమ్మేదాన్ని. ముఖం పడకుండా మెడ కిందనుంచే చూపిస్తూ, పాఠం చెప్పే గొంతును ఎవరైనా పోల్చుకుంటారేమోనని గొంతు మార్చి మాట్లాడేదాన్ని. చూసేవాళ్లు పెరిగితే సంతోషించాల్సింది పోయి భయపడేదాన్ని, తెర మీద కనిపించే ఆ పేర్లలో ఎవరు ఏ పిల్లవాడి తల్లో ఎలా తెలుస్తుంది? అది ముగించి, కుటుంబ ప్రార్థన చేసుకుని, బస్సుకు పరుగెత్తడం.

ఒక సోమవారం లైవ్ ఆపడం మరిచాను. మా ఇంట్లో ప్రార్థనంటే మనసులో అనుకోవడం కాదు, ఒకరి తర్వాత ఒకరు పైకి, అవసరాన్ని పేరు పెట్టి మరీ అడగాలి. మా అత్తయ్య పెట్టిన కట్టడి అది. అదే గదిలో చాప మీద, నా వంతు రాగానే కళ్లు మూసుకుని, మా హెడ్‌మిస్ట్రెస్ గారి కంట ఈ లైవ్ పడనీయకు ప్రభువా, నా ఉద్యోగం ఊడనీయకు అని, బడి పేరుతో సహా చెప్పి ఏడ్చాను. ఆమెన్ అనగానే మా ఆయన గొంతు.

"ఏందే, ఫోన్ ఇంకా నడుస్తనే ఉంది. జెర చూడు."

తెర మీద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పైకి పోతున్నాయి. ఎవరెవరో ఆమెన్ అని రాస్తున్నారు.

అసెంబ్లీలో హెడ్‌మిస్ట్రెస్ గారు నా వైపు చూడనే లేదు, దాంతో ఇంకా హడలిపోయాను. మూడో పీరియడ్లో పిలిపిస్తే, రాజీనామాకు వాక్యాలు కూర్చుకుంటూ వెళ్లాను. ఆవిడ తలుపు వేయమన్నారు.

"మీ లైవ్ రోజూ చూస్తున్న నేను, టీచర్. గొంతు మార్చినా గుర్తుపట్టిన, రెండు చీరలు సుత తీసుకున్న. బడి కమిటీవాళ్లు అడిగితే నేను చెప్పుకుంటా. కానీ పొద్దున నా పేరు జెప్పి ఏడ్చిన్రు చూడండి... అంత భయపెట్టిన్నా మిమ్మల్ని?"

ఆ నెలలోనే ఉద్యోగం ఖాయమైంది, నేను లైవ్ మానేశాను, మరుసటి ఏడాది ఆవిడ రిటైరయ్యారు. ఇప్పుడు బడివాళ్లే వార్షికోత్సవానికి లైవ్ పెట్టమంటున్నారు. రోజులు మారాయి, మంచిదే. నేనే మునుపటిలా లేను. ఆ ఉదయం తర్వాత పైకి ప్రార్థించడం నాకు చేతకాలేదు. అత్తయ్య పోయేదాకా, నా వంతు రాగానే ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవారు; నేను ఫోన్ ఎక్కడుందో గుర్తు చేసుకుంటూ, పెదవులు బిగించి కూర్చునేదాన్ని. కాసేపు చూసి, నేనేమడిగానో తెలియకుండానే, వాళ్లు ఆమెన్ అనేవారు.