పలక వేడెక్కేదాకా

చిత్తూరులో గొడవల మరుసటి రోజు పొద్దున రోడ్డు పక్కన పాత పేపర్లు పోగేసి అంటించాను. నేను పలక వాయిస్తాను. మా వైపు డప్పును పలక అంటారు. తోలు వేడెక్కితేగానీ మోగదు. అవతల వీధిలో చావింటివాళ్ళు నా కోసం చూస్తున్నారు. ముందురోజు అదే రోడ్డులో బస్సు తగలబడిందన్నది నాకు తట్టనే లేదు. ఐదో తరగతితో బడి వదిలేసిన బుర్ర కదా!

జీపు ఆగింది. కానిస్టేబుల్ నా భుజం మీద లాఠీ పెట్టాడు.

"ఏ కాలనీరా నీది?"

చెప్పాను. గొడవ చేసింది మా కులపోళ్ళేనని ఊరంతా అనుకుంటోంది.

"ఇంకేం, ఎక్కు జీపు."

"పలక కాంచుకుంటా ఉండా సార్, అంతే."

"అట్లయితే వాయించు, సూస్తాం."

కొట్టాను. తడి గోనెసంచిని కొట్టినట్టు దబ్బుమంది.

"ఇంకొంచెం కాగనీ సార్. లాఠీ మీ చేతిలోనే ఉండాది, నేను యాడికి పోతా?"

అతను నవ్వలేదు. పలకను మంట మీద తిప్పి తిప్పి కాచాను. మళ్ళీ కొట్టాను. వీధి చివరిదాకా ఖంగుమంది.

"ఆర్పేసి పో," అన్నాడు.

కులం తెలిసిపోతుందని ఎప్పుడూ పలకను సంచిలో దాచుకుని తిరిగేవాణ్ణి. ఆ రోజు ఎదకు కట్టుకుని నడిచాను. ముందు ఇంకా మూడు చోట్ల పోలీసులున్నారు మరి.