ఫోర్డు కప్పు కోయడానికి బోధన్ దాకా

పాడైపోయిన బండ్లను చూసీ చూసీ నాకు మొహం మొత్తింది. నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని. లారీ గుద్దిన కారు, కల్వర్టులో పడ్డ జీపు, చెట్టుకు కొట్టుకున్న వ్యాను, వీటి చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, ఇది బాగవుతుంది, ఇది తుక్కుకే అని రాయడం నా పని. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత అమెరికన్ కార్ల పత్రిక ఒకటి కనిపించింది. అందులో హాట్ రాడ్లనే బండ్ల బొమ్మలున్నాయి. ఒకప్పుడు అక్కడి కుర్రాళ్ళు తాతల కాలం నాటి కార్లను చవగ్గా కొని, మడ్‌గార్డులు విప్పేసి, బాడీని నేలకు దగ్గరగా దించి, కిటికీల దగ్గర స్తంభాలను కోసి పొట్టి చేసి, పైకప్పును కిందికి తెచ్చి మళ్ళీ అతికించేవారట. పాత పద్ధతి బండికి తళుకులేమీ ఉండవు. పాత బాడీ, పాత ఇంజను, మసి రంగు, అంతే. కప్పు ఎంత దిగితే అంత అందం. జీవితంలో ఒక్క బండి అయినా తుక్కుకు పోకుండా తయారవుతుంటే చూడాలని అప్పుడు పట్టుకుంది నాకు పిచ్చి. రెండేళ్ళయింది, ఇంకా వదల్లేదు.

కారు నాకు సర్వే పని మీద వెళ్ళినప్పుడే దొరికింది. బోధన్ చుట్టుపక్కల కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్ళను క్యాంపులంటారు. అలాంటి ఒక క్యాంపులో సీతారామయ్యగారనే పెద్దాయన పశువుల కొట్టంలో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న నలభైల నాటి ఫోర్డు ఉంది. అడిగితే అమ్మేశారు. దాన్ని లారీ ఎక్కించి నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద దావీదన్న షెడ్డులో దింపాను. దావీదన్నది కమ్మర్‌పల్లి వైపు మెథడిస్టు కుటుంబం. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి ఇలాంటి బండ్లు కట్టే గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. షేకుల కోసం ఎన్ని కప్పులు కోశాడో ఆయనకే లెక్క లేదు. సొంత ఊరి వాళ్ళు చూసేలా ఒక్కటీ కట్టలేదని ఆయన బాధ. మా ఇద్దరి పిచ్చీ అలా కలిసింది.

చెరుకు సీజన్ మొదట్లో ఒకరోజు ఫోన్ చేశాడు. "సార్, వీసా అచ్చింది. పది పదిహేను రోజులల్ల పోవుడే. కప్పు పని గిప్పుడు కాకపోతే ఇగ కాదు. మీరు రాండ్రి." రాక తప్పుతుందా? జూబ్లీ బస్టాండులో పొద్దున ఆరు గంటల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు వంద రూపాయల లోపే. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట మీదుగా కామారెడ్డి. అక్కడ చాయ్ కోసం ఆపారు. చాయ్ చల్లగా ఉంది, ఇడ్లీ అంతకన్నా చల్లగా ఉంది. నా సీటు స్ప్రింగు ఒకటి తెగి, డిచ్‌పల్లి దాకా నన్ను ఒక పక్కకే కూర్చోనిచ్చింది. నాలుగు గంటల ప్రయాణం అని అందరూ అంటారు. నాలుగున్నర అనుకుని బయల్దేరితే మనసు కుదురుగా ఉంటుంది. నిజామాబాద్ బస్టాండు నుంచి దావీదన్న షెడ్డుకు ఆటోలో పావుగంట.

షెడ్డు ముందు చెరుకు ట్రాలీలు వరసగా నిలబడి ఉన్నాయి. క్రషింగ్ సీజన్ కదా, యాక్సిలు విరిగినవీ, చక్రాలు ఊగుతున్నవీ అన్నీ ఇక్కడికే. వాటి వెనక నా ఫోర్డు, మడ్‌గార్డులు లేకుండా, తలుపులు లేకుండా, మొండిగా నిలబడి ఉంది. ముందు యాక్సిల్ దించేశాడు. ఇంజను పూర్తిగా విప్పి కట్టి, తాళం తిప్పి వినిపించాడు. ఆ గుడగుడ చప్పుడు వింటే బస్సు అలసట కొంచెం తగ్గింది. గోడ మీద సుద్దముక్కతో కారు పక్క భాగమంతా అసలు కొలతలోనే గీసి పెట్టాడు. పైకప్పు గీత కింద, ఇంకో గీత. అక్కడిదాకా దిగుతుందన్నమాట. సరిగ్గా నా పత్రికలోని బొమ్మ.

"మరి మొదలుపెడదామా అన్నా?" అన్నాను.

"మొదలువెడ్త సార్. గని అమ్మినోల్లు అచ్చి సూడాలె."

"అమ్మేశారు కదా అన్నా. కాగితాలన్నీ నా పేరు మీదే ఉన్నాయి."

"గట్ల కాదు." చేతిలోని పానా కింద పెట్టాడు. "బోల్టు ఇప్పితే మల్ల బిగియ్యచ్చు. గందుకే గదంత మిమ్మల్ని అడిగి చేసిన. కోస్తే కోసినట్టే. ఒకపారి ఓ జీపును కోసిన. అమ్మినాయన బిడ్డ సూడ అచ్చింది. సగం జీపు ముందల నిలవడి ఒక్క మాట మాట్లాడలే సార్. గప్పటి సంది అమ్మినోల్లు అచ్చి సరే అనంది రంపం పట్టుకోను."

వాళ్ళు వద్దంటే? అడిగాను. వద్దంటే వద్దే అన్నాడు. ఆయన గల్ఫ్‌కు పోతాడు, ఈ మొండి కారును నేను లారీ మీద హైదరాబాద్ తీసుకుపోయి మళ్ళీ ఏ కొట్టంలోనో కోళ్ళకు అప్పగించాలి. ఊళ్ళో ఇంకెవరూ ఈ పని చేయరు, నేను అడిగి చూశాను. కోపమొచ్చింది. కానీ ఆయన మీద కోప్పడ్డానికి కూడా ఓపిక లేదు. బోధన్ బయల్దేరబోతుంటే ఒక డబ్బా చేతిలో పెట్టాడు. నిండా తుప్పు పట్టిన కొప్పు పిన్నులు. "డ్రైవర్ సీటు కింద దొరికినయి. ఇచ్చిరాండ్రి," అన్నాడు.

బోధన్ బస్సు ప్రతి అరగంటకూ ఉంది. జానకంపేట, ఎడపల్లి మీదుగా మామూలుగా గంట లోపు ప్రయాణం. ఆ రోజు గంటన్నర పట్టింది. ఎడపల్లి దాటగానే చెరుకు ట్రాక్టర్లు, ఎడ్ల బండ్లు ఒకదాని వెనక ఒకటి. మరిగే బెల్లప్పాకం, కుళ్ళిన చెరుకు పిప్పి కలిసిన వాసన గొంతులో కూర్చుంది. బోధన్ బస్టాండులో మరాఠీలో కొట్లాడుకుంటున్న ఇద్దరు కూరగాయల ఆడవాళ్ళ మధ్యనుంచి బయటపడి క్యాంపుకు ఆటో మాట్లాడాను. డ్రైవరు నా మొహం చూసి జాలిపడ్డాడు.

"పరేషాన్ గాకుండ్రి సాబ్. సీజన్ల గీ తొవ్వ గిట్లనే ఉంటది. కారు కొనుక్కోరాదు, ఆరాంగ తిరగచ్చు?"

"ఉంది," అన్నాను. అంతకన్నా వివరించే శక్తి లేదు.

సీతారామయ్యగారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. సంగతి చెప్పేసరికి పేపరు మడిచి, ఇంట్లోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. "కోయడమేంటండీ? బాగు చేయించుకుంటారని చెప్పానే మా ఆవిడతో."

"నాతో ఏం చెప్పారూ?" అంటూ గుమ్మంలోకి వచ్చింది ఆవిడ. వరలక్ష్మమ్మగారు. నేను తల ఎత్తి చూడాల్సినంత పొడుగు. డెబ్బై దాటిన మనిషి, వెన్ను మాత్రం నిటారుగా ఉంది. కారు కొన్న రోజు ఆవిడ ఊళ్ళో లేరు. నేను డబ్బా అందించాను. మూత తీసి ఒక పిన్ను పైకెత్తి చూసింది. "ఇవి నావే," అంది. మూత మళ్ళీ పెట్టేసి, "ముందు భోంచేయండి బాబూ, మొహం వాడిపోయింది," అంది.

ముద్దపప్పు, గోంగూర, గడ్డ పెరుగు. సిగ్గు విడిచి తిన్నాను. సీతారామయ్యగారు తల వంచుకుని తింటున్నారు. వడ్డిస్తూనే ఆవిడ చెప్పింది. "ఈయనకి స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికేవి. మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో పాతదే కొన్నాం. నేర్పడానికి వచ్చిన డ్రైవరు ఈయన్ని చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నేను నేర్చుకున్నాను. కాన్పు నొప్పులొస్తే ఈ క్యాంపులో ఎవరింటికైనా ఆ కారే. బురదలో, వానలో, బోధన్ ఆసుపత్రికి. ఇద్దరు పిల్లలు వెనక సీట్లోనే పుట్టారు." నాకు పెరుగు వేసింది. "అది నేను నడిపిన కారు బాబూ. అమ్మారు, సరే. కోస్తారా?"

రంపం పట్టేవాడు మీరు సరే అనందే కోయడట, అన్నాను. ఆవిడ చెంబు కింద పెట్టింది. "అలాగైతే వస్తాను. నిజామాబాద్‌లో మా చెల్లెలుంది, రాత్రికి అక్కడ ఉంటాను." సీతారామయ్యగారు తానూ వస్తానన్నారు. "మీరెందుకు?" అంది ఆవిడ. ఆయన మళ్ళీ పేపరు తెరిచారు.

తిరుగు బస్సులో ఆవిడ డ్రైవరు వెనక సీటు పట్టుకుంది. నేను పక్కన కూలబడ్డాను. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ఆవిడ ఎడమ పాదం చెప్పులో కొద్దిగా కదిలేది. చెరుకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయి బస్సు పాకుతుంటే, "పక్కనుంచి సందుంది, తీసుకెళ్ళడేం," అని రెండుసార్లు గొణిగింది. నేను మాత్రం ఒక్కటే లెక్క వేసుకుంటున్నాను: వద్దంటుంది, లారీ ఎక్కడ మాట్లాడాలి? నిజం చెప్పాలంటే, వద్దన్నా పర్లేదు, ఎలాగోలా తేలిపోతే చాలు, ఇంటికి పోయి పడుకుంటాను అనిపించింది కూడా.

షెడ్డు చేరేసరికి ఎండ పడమటికి వాలింది. దావీదన్న ఆవిడ వెనకకు చూసి, "పెద్దాయన రాలేదా అమ్మా?" అన్నాడు.

"నడిపింది నేను."

దావీదన్న నన్ను చూశాడు, ఆవిడ చేతిలోని డబ్బాను చూశాడు, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "అయితే మీరే సెప్పాలె," అన్నాడు. ఆవిడ మొండి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. మడ్‌గార్డులు ఉండాల్సిన చోట గాలిలో చెయ్యి పెట్టి చూసింది. ఆ మొహం చూడలేక నేను ట్రాలీల వైపు తిరిగాను. దావీదన్న తాళం తిప్పాడు. ఇంజను పలికింది. ఆవిడ చెయ్యి బానెట్టు మీద ఆగిపోయింది.

"దీని గొంతు మారలేదు," అంది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

దావీదన్న గోడ మీది సుద్ద గీతలు చూపించి, ఏది కోస్తాడో, ఏది ఎక్కడ అతుకుతాడో అంతా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. "డబ్బు ఆయన తీసుకున్నారు, కారు వీరిది. అడిగారు కాబట్టి చెబుతున్నాను. కోయండి. కానీ నేను ఎక్కి కూర్చోలేని కారు మాత్రం చేయకండి," అంది.

చెప్పి, డబ్బాలోంచి రెండు పిన్నులు తీసి, జారిన కొప్పును పైకి బిగించి, తలుపులేని వైపునుంచి ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది. నిటారుగా. దావీదన్న స్కేలు పలక ఒకటి ఆవిడ కొప్పు మీద అడ్డంగా ఆనించి, పైన నాలుగు వేళ్ళు సందు పెట్టి, స్తంభం మీద సుద్దతో గీత గీశాడు. గోడ మీద గీసినదాంట్లో సగం కూడా దిగలేదు. నా పత్రికలోని బొమ్మ అక్కడితో పోయింది. రెండేళ్ళ కోరిక ఒక ముసలమ్మ కొప్పు దగ్గర ఆగిపోయింది. గుండె కలుక్కుమంది, దాచుకోను. దావీదన్న నా వైపు చూశాడు, కొన్నవాడి మాట కూడా కావాలిగా మరి. తల ఊపాను.

ఆవిడ దిగింది. దావీదన్న కప్పు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాడు. ఆవిడ పక్కనే చేతులు జోడించి నిలబడింది. రంపం మొదటి కోత కోస్తున్నంతసేపూ చెవులు మూసుకోకుండా చూసింది. అయ్యాక, "నరుకుతాడేమో అనుకున్నాను, కుట్టుపని చేసినట్టు చేస్తున్నాడు," అని నాతో అని, చెల్లెలి ఇంటికి ఆటో ఎక్కింది.

దావీదన్న కప్పు పూర్తి చేశాకే విమానం ఎక్కాడు. వెళ్ళే ముందు ఆదివారం చర్చి నుంచి వాళ్ళ వాళ్ళందరినీ షెడ్డుకు తీసుకొచ్చి చూపించాడని తర్వాత తెలిసింది. కారు ఇప్పుడు నా దగ్గరుంది, మసి రంగులో. హాట్ రాడ్లు తెలిసిన మిత్రులు చూసి కప్పు ఇంకా దించాల్సింది అంటారు, వాళ్ళది తప్పు కాదు. నేను పొట్టివాణ్ణి. అందులో కూర్చుంటే నా తలకూ కప్పుకూ మధ్య జానెడు ఖాళీ. మొదట్లో ఆ ఖాళీ చూస్తే ఉసూరుమనిపించేది. పగలంతా నుజ్జయిన బండ్ల చుట్టూ తిరిగి వచ్చి, సాయంత్రం దాన్ని స్టార్ట్ చేసి ఊరికే కూర్చుంటాను. పైన ఆ ఖాళీ ఉంటుంది. అందులో ఎవరు కూర్చోవాలో నాకు తెలుసు, అందుకే ఇప్పుడు దాన్ని తగ్గించమని ఎవరన్నా నచ్చదు. ఈ సీజన్ అయిపోయి రోడ్డు ఖాళీ కాగానే బోధన్ తీసుకెళ్ళి తాళం ఆవిడ చేతికిస్తాను. అన్ని ప్రయాణాల్లోకీ ఆ ఒక్కదానికే నాకు బద్ధకం లేదు.

మీరూ అటువైపు పాత కార్ల కోసం వెళ్ళేట్టయితే, చెరుకు సీజన్‌లో ఎడపల్లి రోడ్డును పొద్దున్నే దాటేయండి, మధ్యాహ్నమైతే ట్రాక్టర్ల వెనక చిక్కుకుంటారు. ఇంకొక్క మాట. కారు ఎవరిదని అడగకండి, అరుగు మీద కూర్చున్నాయన నాదే అంటాడు. నడిపింది ఎవరని అడగండి.