కొత్తలు కాకముందే ఉడికిన చిక్కుళ్లు

అక్క పప్పు గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, పెరట్లో గుంట తీసి మొత్తం పోసేసింది. పత్తి ఏరి వచ్చినవాళ్లు ఆ పూట అన్నంలో పచ్చిపులుసు కలుపుకున్నారు. నాకూ అదే వడ్డించారు. నేను తల ఎత్తలేకపోయాను.

ఆమె నా తోడబుట్టిన అక్క కాదు. భద్రాచలం వైపు అడవి అంచున ఒక కోయగూడెంలో ఉంటుంది. విలేకరిగా ఆ దారిన తిరిగినప్పుడు ఎండకు వాళ్ల పందిరి కింద ఆగేవాణ్ణి, అన్నం పెట్టేది. అలా అక్క అయింది. ఉద్యోగం అయిపోయాక ఖానాపురం హవేలిలో మా మిద్దె మీద కూరగాయలు వేస్తానంటే తన చిక్కుడు గింజలు ఇచ్చింది. తొట్లలో బోరు నీళ్లు, కొన్న ఎరువు. ఆమె చేలో తీగ పూత మీద ఉండగానే నాది కాపుకొచ్చింది. నా చేత్తో పండించిన మొదటి తిండి ముందు ఆమెకే పెట్టాలని సంచి నింపుకొని బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి అక్క చేలో ఉంది. కోడలు పప్పు పొయ్యి మీద పెట్టి, "జర చూస్తుండు మామా, నీళ్లు తెస్త," అని బిందెతో పోయింది. ఆ సందులో చిక్కుళ్లు తుంచి పప్పులో వేశాను. అందరూ ఆశ్చర్యపోతారని. కోడలు వచ్చి, గరిటెతో తీసి ఉప్పు చూసింది. నములుతూ ఆగిపోయింది.

"ఏంది మామా గిది? చిక్కుడేనా?"

"మా మిద్దె మీదిదే."

"కొత్తలు కాలే గదా!" అంటూ బయటికి ఉరికి ఉమ్మేసింది.

గూడెమంతా కలిసి దేవరకు, పెద్దలకు పెట్టుకునే కొత్తల పండుగ అయ్యేదాకా అక్కడ ఎవరూ కొత్త చిక్కుడు నోట పెట్టరు. నాకు తెలియక కాదు. ఆ పండుగ మీద ఏటా వార్త రాసినవాణ్ణి. పట్నంలో, నా తొట్టిలో కాసిన కాయకు ఈ కట్టుబాటు ఎందుకుంటుందనుకున్నాను. గింజ ఎవరిదో ఆలోచించలేదు.

"నీ వార్త నువ్వే ఒక్కపాలి సదువుకుంటే అయిపోవు గదా తమ్మీ," అని చేను నుంచి వచ్చి సంగతి విన్న అక్క నవ్వింది. కోడలు నవ్వలేదు.

"అత్తా, నన్ను కొత్తలల్ల కూసోనిస్తరా?"

అక్క మమ్మల్నిద్దరినీ ఊరి పెద్ద దగ్గరికి తీసుకెళ్లింది. తప్పు నాదేనని చెప్పాను. ఆయన నా సంచిలోని కాయ ఒకటి ఒలిచి చూశాడు.

"గింజ మాదే. మన్నే మీది," అని కోడలి వైపు తిరిగాడు. "మింగినవా, ఉమ్మినవా?"

"ఉమ్మిన. జరంత లోపలికి పోయిందో ఏమో, నాకే ఎరుకలే."

"నలుగురిని అడిగి చెప్త," అన్నాడాయన.

కొత్తలు దగ్గరపడుతున్నాయి. మిద్దె మీద చిక్కుళ్లు ముదిరి ఎండుతున్నాయి, మేము కోయడం మానేశాం. అక్కకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. పండుగలో కోడలికి చోటుందో లేదో పెద్ద ఇంకా చెప్పలేదు.